ఓల్డ్ కోర్స్‌లో పద్దెనిమిది హోల్స్: ఎడమ పక్క క్షేమం, కుడి పక్క లాభం

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానం అంచున నిలబడి చూస్తే మొదట కలిగేది నిరాశే. చెట్టు లేదు, చెరువు లేదు, పూలమడి లేదు. ఎగుడుదిగుడు బీడు, అక్కడక్కడ జెండాలు, ఒక పక్క ఊరు, ఇంకో పక్క ఉత్తర సముద్రం. గోల్కొండ కోట పక్కన ఆడి వచ్చినవాళ్లకి ఇంత డబ్బు పోసింది దీనికా అనిపిస్తుంది. ఆరో ఏడో హోల్ (మొదటి దెబ్బ నుంచి జెండా కింది గుంట దాకా ఒక్కో అంచె) దాకా నాకూ అలాగే ఉంది. ఆ తర్వాత ఈ బీడులో ప్రతి దిబ్బకీ ఒక పని ఉందని అర్థమైంది. అర్థమయ్యేలోపు పోయే స్ట్రోకులు (బంతిని కొట్టే దెబ్బలు, ఎన్ని తక్కువైతే అంత మంచిది) పోయాయి. మనవాళ్లెవరైనా వెళ్తే అవి పోకుండా ఉండటానికి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు నేల సంగతి. లింక్స్ అంటే సముద్రపు ఇసుకకీ సాగు భూమికీ మధ్య ఉండే మెట్ట. పంట పండదు, పశువుల మేతకి తప్ప పనికిరాదు. కింద అంతా ఇసుక కాబట్టి వాన కురిసిన గంటకే ఆరిపోతుంది. దాని మీద ఫెస్క్యూ, బెంట్ అనే సన్నపు గడ్డి, చాప పరిచినట్టు నేలకి అంటుకుని పెరుగుతుంది. మన దగ్గర బెర్ముడా గడ్డి బంతిని కాస్త ఎత్తి పట్టుకుంటుంది, పడ్డచోట ఆపుతుంది. ఇక్కడ ఎత్తదు, ఆపదు. 130 గజాలు గాల్లో వెళ్లిన బంతి ఇంకో 30 గజాలు దొర్లుతుంది, అది కూడా నేల వాలు ఎటుంటే అటు. అందుకే ఈ కోర్స్‌లో బంతి ఎక్కడ పడిందన్నది సగం లెక్కే. పడ్డాక ఎటు పోతుందన్నది మిగతా సగం.

టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, దొరకడమే మొదటి పరీక్ష. ఇది ప్రైవేటు క్లబ్బు కాదు, ఊరి ఆస్తి. ఈ మైదానంలో ఆడుకునే హక్కు ఊరి జనానిదని 1552లోనే ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ పత్రం రాసిచ్చాడు. ఇప్పుడు నడిపేది సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్. మొదటి టీ (హోల్ మొదటి షాట్ కొట్టే చోటు) వెనక ఫొటోల్లో కనిపించే రాతి భవనం ఆర్ అండ్ ఏ (రాయల్ అండ్ ఏన్షెంట్) అనే గోల్ఫ్ క్లబ్బుది. ఆ క్లబ్బుకి కోర్స్ మీద యాజమాన్యం లేదు. ఆ భవనంలోకి మనకి ప్రవేశమూ లేదు, దాంతో మనకి పనీ లేదు.

దారులు మూడు. మొదటిది ఏడాది ముందు దరఖాస్తు. వచ్చే ఏటి టీ టైమ్‌ల కోసం ఆగస్టు చివర్లో తెరుస్తారు. రెండోది బ్యాలట్. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఒక జట్టుగా, ఆడాల్సిన రోజుకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం 2 గంటల్లోపు పేర్లివ్వాలి. సాయంత్రానికి లాటరీ ఫలితం వస్తుంది. ఆదివారం కోర్స్ మూసేస్తారు కాబట్టి సోమవారం ఆటకి శనివారమే పేరివ్వాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. మూడోది ఒంటరిగా వెళ్లినవాళ్ల కోసం. ఇదివరకు తెల్లవారుజాము నుంచే, కొందరైతే రాత్రంతా, ఓల్డ్ పెవిలియన్ ముందు క్యూ కట్టేవారు. 2024 నుంచి ఆ జాగరణ తప్పింది. ఆటకి ముందు రోజు సాయంత్రం 5 లోపు స్వయంగా వెళ్లి పేరు నమోదు చేసుకుంటే, ఖాళీలున్న జట్లలో లాటరీ వేసి కలుపుతారు. దీనికి ఫోన్‌లో పని జరగదు, మనిషే వెళ్లాలి. వేసవిలో కనీసం మూడు నాలుగు రోజులు ఆ ఊళ్లో ఉండేట్టు పెట్టుకుంటేనే లాటరీ మీద ఆశ పెట్టుకోవచ్చు. పేరు రాని రోజున పక్కనే న్యూ, జూబిలీ కోర్స్‌లున్నాయి. న్యూ అన్నది పేరుకే, అది 1895 నాటిది.

ఫీజు 2024 వేసవిలో 320 పౌండ్లు, ఏటా కాస్త పెరుగుతోంది. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తక్కువైతే ఆట మెరుగు) 36 లోపు ఉన్నట్టు రుజువు అడుగుతారు. యాప్‌లో చూపిస్తే చాలునని అనుకోకుండా మన క్లబ్బు ఇచ్చిన పత్రం ఒక కాగితం మీద తీసుకెళ్లడం మంచిది. నవంబరు నుంచి మార్చి దాకా ఫీజు తక్కువే కానీ, ఫెయిర్‌వేలో (టీ నుంచి జెండా వైపు పోయే గడ్డి దారిలో) బంతిని చిన్న మ్యాట్ మీద పెట్టి కొట్టాలి. గడ్డి కోలుకోవడానికి ఆ ఏర్పాటు. ఆ నేల మీద నేరుగా కొట్టడానికే కదా అంత దూరం వెళ్లేది! నా మాట వింటే ఏప్రిల్ తర్వాతే వెళ్లండి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది. సాయంత్రం నాలుగున్నర టీ టైమ్ వచ్చినా దిగులక్కర్లేదు.

ఊళ్లో రైలు స్టేషన్ లేదు. ఎడిన్‌బరా నుంచి గంట ప్రయాణంలో లూకర్స్ స్టేషన్, అక్కడ దిగి బస్సు ఎక్కాలి. నడిచే ఆడాలి, మామూలుగా ఎక్కి తిరిగే గోల్ఫ్ బగ్గీలుండవు. నా సలహా ఏమిటంటే, ఎక్కడ పొదుపు చేసినా ఇక్కడ క్యాడీ (బ్యాగు మోస్తూ దారి చెప్పే మనిషి) విషయంలో చేయొద్దు. క్యాడీ రుసుము, పైన బక్షీసు, రెండూ నోట్లలో సిద్ధం చేసుకోవాలి. వందకి పైగా ఉన్న బంకర్లలో (ఇసుక గుంటల్లో) చాలావాటిని టీ మీద నుంచి చూడలేం. క్యాడీ దూరంగా ఒక చర్చి శిఖరాన్నో, హోటల్ కిటికీనో చూపించి దాని మీదకి కొట్టమంటాడు. ఎందుకని అడగకుండా కొట్టడమే. అడిగితే చెబుతాడు, కానీ చెప్పాక ఆ బంకరే కళ్ల ముందు కదులుతుంది.

బ్యాగులో ఏముండాలంటే, వాన ప్యాంటూ జాకెట్టూ, రెండు జతల గ్లోవ్స్, ఉన్ని టోపీ. ఇవి జులైలో కూడా కావాలి. గొడుగు తీసుకెళ్లి ప్రయోజనం లేదు, గాలికి అప్పడంలా విరుగుతుంది. వెడ్జ్‌లలో (బంతిని ఎత్తి కొట్టే కర్రల్లో) బౌన్స్ తక్కువున్నదాన్ని ఎంచుకోండి. బౌన్స్ అంటే క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) అడుగున ఉండే ఉబ్బు. మెత్తటి నేలలో అది క్లబ్బు దిగబడకుండా కాపాడుతుంది. గట్టి నేల మీద అదే ఉబ్బు తగిలి క్లబ్బు ఎగురుతుంది, అంచు వెళ్లి బంతి నడుమున కొడుతుంది, బంతి గ్రీన్ (జెండా చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక) దాటి అవతల పడుతుంది. మన 56 డిగ్రీల శాండ్ వెడ్జ్‌తో నాకు మొదటి మూడు హోల్స్‌లో రెండుసార్లు జరిగింది ఇదే. విరుగుడు తేలికే: గ్రీన్‌కి 40 గజాల్లోపు ఉండి, దారిలో బంకర్ లేకపోతే పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర, ఆ దెబ్బే పట్) తీయాలి. గ్రీన్ బయట పటరేమిటని నామోషీ పడాల్సిన పని లేదు, అక్కడివాళ్లు చేసేదీ అదే. దూరం ఇంకాస్త ఎక్కువుంటే 7 ఐరన్‌తో (ఐరన్ కర్రల అంకె తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది) పట్ లాంటి చిన్న స్ట్రోక్. చేతులు బంతికి ముందుండాలి, మణికట్టు విరవకూడదు.

గాలి లెక్క కూడా ముందే చెప్పుకోవాలి. ఎదురుగాలిలో గట్టిగా కొడితే బంతికి స్పిన్ పెరిగి పైకి లేస్తుంది, లేచిన బంతిని గాలి వెనక్కి నెడుతుంది. అందుకని 9 ఐరన్ దూరానికి 7 ఐరన్ తీసుకోవాలి, బంతిని పాదాల మధ్య ఒక బంతి వెడల్పు వెనక్కి జరుపుకోవాలి, ముప్పావు ఊపుతో కొట్టాలి. ఎదురుగాలి తగ్గించినంత దూరాన్ని వెనకగాలి పెంచదు. వెనకగాలిలో అసలు చిక్కు దూరం కాదు, బంతి ఆగకపోవడం. పోటూ పాటూ మారేటప్పుడు గాలి దిక్కు కూడా మారుతుందని ఆ ఊళ్లో గట్టి నమ్మకం. వెళ్లేటప్పుడు తొమ్మిది హోల్స్, తిరిగొచ్చేటప్పుడు తొమ్మిది హోల్స్, రెండు సార్లూ ఎదురుగాలే తగిలినవాళ్లు కొల్లలు.

ఇక ఆట. కోర్స్ ఆకారం కొంకిపుల్లలా ఉంటుంది. ఊరి నుంచి బయల్దేరి ఈడెన్ నది ముఖద్వారం దాకా వెళ్లి, అక్కడ మెలిక తిరిగి, అదే దారి పక్కనుంచి ఊళ్లోకి వస్తుంది. వెళ్లే హోల్స్ కుడి పక్క, వచ్చే హోల్స్ ఎడమ పక్క. రెండింటికీ ఫెయిర్‌వేలు దాదాపు ఉమ్మడి. ఏడు గ్రీన్లు కూడా ఉమ్మడివే, ఒక్కో గ్రీన్ మీద రెండు జెండాలు. 2తో 16, 3తో 15, 4తో 14 అలా కలుస్తాయి, ఏ జత కలిపినా 18 వస్తుంది. 1, 9, 17, 18 మాత్రమే ఒంటరి గ్రీన్లు. వెళ్లేటప్పుడు తెల్ల జెండాలు, వచ్చేటప్పుడు ఎర్రవి. ఇది మరిచిపోయి పక్క హోల్ జెండాకి గురిపెట్టి చక్కగా కొట్టి, 60 గజాల పట్ మిగిల్చుకోవడం కొత్తవాళ్లు కట్టే మామూలు జరిమానా.

ఈ అమరిక వల్ల కోర్స్ అంతటికీ ఒకే సూత్రం పనిచేస్తుంది. ఎటు వెళ్తున్నా ఎడమ పక్క ఉన్నది అవతలి హోల్ ఫెయిర్‌వే, కాబట్టి ఎడమకి ఎంత పోయినా బంతి దొరుకుతుంది. కుడి పక్క గోర్స్ పొదలు, గోడలు, కంచెలు, హద్దు బయట. గోర్స్ అంటే పసుపు పూల ముళ్లపొద. సర్కారు తుమ్మలో చెయ్యి పెట్టినవాడికి వివరించక్కర్లేదు. బంతి అందులో కనిపించినా తీయకండి, ఒక పెనాల్టీ స్ట్రోక్ వేసుకుని రెండు క్లబ్బుల పొడవులోపు డ్రాప్ చేయండి (బంతిని చేత్తో వదలండి). స్లైస్ (కొట్టిన బంతి కుడికి వంగిపోవడం) ఉన్న కుడిచేతివాళ్లకి ఇక్కడ ఊపిరాడదు. మరి అంతా ఎడమకే కొడితే పోలా? పోదు. ఎడమ నుంచి వచ్చే రెండో షాట్‌కి చాలా హోల్స్‌లో గ్రీన్ అడ్డం తిరిగి ఉంటుంది, ముందు బంకరో దిబ్బో కాపలా ఉంటుంది. కుడి అంచున, ప్రమాదానికి ఆనుకుని పెట్టినవాడికే గ్రీన్ వాకిలి తెరుచుకుంటుంది. ఎంత దమ్ముంటే అంత దారి. కోర్స్‌కి ఇంత పేరు రావడానికి చరిత్రకన్నా ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

మొదటి టీ దగ్గర ఫెయిర్‌వే వెడల్పు 129 గజాలు, 18తో ఉమ్మడి. ప్రపంచంలో ఇంతకన్నా తేలికైన టీ షాట్ ఉండదు. అయినా చేతులు వణుకుతాయి, ఎందుకంటే వెనకాల దారిన పోయేవాళ్లంతా ఆగి చూస్తుంటారు. డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు) అక్కర్లేదు. 200 గజాలు పోయే క్లబ్బుతో మధ్యకి ఎడమగా కొడితే చాలు. ఫెయిర్‌వేని అడ్డంగా కోస్తూ గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే వీధి ఉంది, జనం సముద్రానికి నడిచి వెళ్తుంటారు. వాళ్లు దాటాకే కొట్టాలి. గ్రీన్‌కి ఆనుకుని ముందు స్విల్కన్ బర్న్. స్కాట్లాండ్‌లో బర్న్ అంటే వాగు, చూడబోతే మన పొలాల పిల్లకాలువంత. రెండు గట్లూ రాతితో కట్టారు. జెండా కాలువకి దగ్గరగా ఉన్న రోజున గ్రీన్ ముందు భాగానికి గురిపెట్టకూడదు. ఒక క్లబ్బు పెద్దది తీసుకుని జెండా దాటించి, వెనక్కి పట్ చేసుకోవడమే మంచిది. గ్రీన్ వెనకాల ప్రమాదమేమీ లేదు.

రెండో హోల్‌లో ఎడమ పక్క చీప్స్ అనే బంకర్ ఉంది. ఆ పేరు వెనక ఒక తగాదా ఉంది. 1797లో దివాలా తీసిన ఊరు ఈ భూమిని వదులుకుంటే కుందేళ్లు పెంచేవాళ్ల చేతిలోకి పోయింది. కుందేళ్లు గుంతలు తవ్వడం, గోల్ఫర్లు వాటిని కొట్టడం, కోర్టు కేసులు. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి కొని గోల్ఫ్‌ని నిలబెట్టాడు. ఆ పుణ్యాత్ముడి పేరు ఒక ఇసుక గుంటకి పెట్టారు. మూడో హోల్‌లో కార్ట్‌గేట్ బంకర్ గ్రీన్ ఎడమ ముందు భాగాన్ని కొరుక్కుతిన్నట్టు ఉంటుంది. పైన చెప్పిన సూత్రం మొదటిసారి స్పష్టంగా కనిపించేది ఇక్కడే: ఎడమ నుంచి వస్తే బంకర్ మీదుగా, కుడి నుంచి వస్తే రాచబాటలో.

నాలుగో హోల్ పేరు జింజర్ బీర్, ఒకప్పుడు అక్కడ బండి పెట్టి అది అమ్మేవారు. గ్రీన్ ముందు ఒక దిబ్బ ఉంది, దాని మీద పడిన బంతి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఐదోది పార్ 5, అంటే మంచి ఆటగాడు ఐదు స్ట్రోకుల్లో ముగించాల్సినది. పార్ 5లు కోర్స్ మొత్తంలో రెండే (5, 14), పార్ 3లూ రెండే (8, 11). ఐదో టీ షాట్‌కి కుడి పక్క సెవెన్ సిస్టర్స్ అని ఏడు బంకర్ల గుంపు ఉంది, ఎడమకి కొట్టండి. ఈ హోల్ గ్రీన్ 13తో ఉమ్మడి. లోతు దాదాపు 100 గజాలు. ఇక్కడ పటర్‌ని ఎంత గట్టిగా ఊపాలో మన చేతులకి తెలియదు. రౌండ్‌కి ముందు రోజు, పక్కనే ఉన్న హిమాలయాస్ అనే పటింగ్ గ్రీన్ మీద కొద్ది పౌండ్లిచ్చి ఒక గంట ఆడితే ఆ అలవాటు వస్తుంది. పేరుకు తగ్గట్టు అంతా గుట్టలే. 1867 నుంచి ఊరి ఆడవాళ్ల పటింగ్ క్లబ్బు నడుపుతున్నది.

ఆరో టీ మీద ఏమీ కనిపించదు, క్యాడీ చూపించిన చోటికి కొట్టడమే. ఏడు నుంచి పదకొండు దాకా మెలిక భాగం. 7వ హోల్, 11వ హోల్ దారులు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. కొట్టే ముందు అటూ ఇటూ చూడండి, అవతలివాళ్లు చెయ్యి ఊపితే ఆగండి, బంతి దారి తప్పితే గొంతెత్తి 'ఫోర్' అని అరవండి. 9, 10 పొట్టి పార్ 4లు. స్కోరు బాగుచేసుకోవాలంటే ఈ రెండింటిలోనే. కానీ ఇవి తేలికన్న భ్రమలో ఫెయిర్‌వే మధ్యనున్న బంకర్లలో పడేవాళ్లే ఎక్కువ. పదో హోల్‌కి అమెరికా గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్ పేరు పెట్టారు.

ఆ పేరు చదివి ఒక్క హోల్ దాటగానే ఆయన ఓడిపోయిన చోటు వస్తుంది. 1921 ఓపెన్‌లో (బ్రిటన్‌లో ఏటా జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ) జోన్స్ పదకొండో హోల్ బంకర్‌లో చిక్కుకుని, బంతి ఎత్తేసి రౌండ్ వదిలేశాడు. అదే ఊళ్లో 1927లో ఓపెన్ గెలిచాడు, 1930లో బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ కూడా. పదకొండోది దాదాపు 170 గజాల పార్ 3. ఎడమ ముందు హిల్ బంకర్, కుడి ముందు స్ట్రాత్ బంకర్, వెనకాల ఈడెన్ ముఖద్వారం. గ్రీన్ వెనక నుంచి ముందుకి పెంకుటింటి చూరులా వాలి ఉంటుంది. జెండా దాటి పడితే కిందికి పట్ చేయాలి, ఆ పట్ ఆగదు. 2015 ఓపెన్ శనివారం నాడు గాలికి ఈ గ్రీన్ మీద ఆగి ఉన్న బంతులే కదిలాయి, ఆట పది గంటలకు పైగా ఆపేశారు, పోటీ సోమవారానికి పోయింది. మామూలు మనిషి ఇక్కడ జెండాని మరిచిపోయి, రెండు బంకర్ల నడుమ గ్రీన్ ముందు అంచుకి కొట్టి, ఎగువకి పట్ చేయాలి. నాలుగు కొడితే సంతోషంగా కదలవచ్చు.

బంకర్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పచ్చిక పలకల్ని ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన నిటారు గోడలు ఇవి. గుంట చిన్నది, కానీ చుట్టూ నేల దానివైపే వాలి ఉంటుంది. అందుకే పది అడుగుల గుంట ముప్ఫై అడుగుల గుంటలా బంతుల్ని మింగుతుంది. బంతి గోడకి దగ్గరగా ఉంటే జెండా వైపు చూడకూడదు. పక్కకి, అవసరమైతే వెనక్కి కొట్టి బయటపడాలి. గోడకి తగిలి మళ్లీ పాదాల దగ్గరికే వచ్చిన బంతిని రెండోసారి, మూడోసారి కొట్టేవాళ్లని ఎంతమందినో చూడొచ్చు. 2019 నియమాల ప్రకారం ఇంకో దారి కూడా ఉంది. ఆడలేనని చెప్పి, రెండు పెనాల్టీ స్ట్రోకులతో బంకర్ బయట, జెండాకీ బంతికీ కలిపిన గీత మీద వెనక్కి వెళ్లి డ్రాప్ చేయవచ్చు. రెండు స్ట్రోకులు ఎక్కువనిపిస్తాయి కానీ లోపల నాలుగు పోయాక చూస్తే చవకే. 2000 ఓపెన్‌లో టైగర్ వుడ్స్ 72 హోల్స్‌లో ఒక్క బంకర్‌లోనూ పడకుండా పార్‌కన్నా 19 తక్కువతో గెలిచాడంటే ఎంత లెక్కతో ఆడాడో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

పన్నెండో టీ మీద నుంచి చూస్తే మైదానం ఖాళీ. నిజానికి ఫెయిర్‌వే నడుమ వరసగా బంకర్లున్నాయి, ఇటునుంచి ఒక్కటీ కనబడదు. కారణం వింత: ఒకప్పుడు ఈ కోర్స్‌ని వ్యతిరేక దిశలో ఆడేవారు. 1870 ప్రాంతంలో ఈ మైదానాన్ని చూసుకునే ఓల్డ్ టామ్ మారిస్ మొదటి హోల్‌కి విడిగా గ్రీన్ వేశాక ఇప్పటి దిశ కుదిరింది, చాలాకాలం రెండు దిశల్నీ మార్చి మార్చి ఆడారు. ఆ బంకర్లు అటునుంచి వచ్చేవాళ్ల కోసం. మనం వాటిని వీపు వైపు నుంచి చూస్తున్నాం. ఇక్కడ క్యాడీ మాట వేదవాక్కు. పదమూడులో కాఫిన్స్, పేరులోనే శవపేటికలున్నాయి, వాటికి ఎడమగా వెళ్లండి.

పద్నాలుగు పొడవైన పార్ 5. కుడి పక్క రాతి గోడ, దాని అవతల హద్దు బయట. ఎడమన బియర్డీస్ బంకర్లు. మధ్యలో ఎలీసియన్ ఫీల్డ్స్ అనే చదునైన స్వర్గం. స్వర్గం దాటగానే హెల్ బంకర్, పేర్లు పెట్టినవాళ్లకి వరసా వాయీ తెలుసు. మనిషిని దాచేసేంత లోతు. 1995 ఓపెన్‌లో అమెరికా దిగ్గజం జాక్ నిక్లస్ అంతటివాడు అందులో నాలుగు స్ట్రోకులు పోగొట్టుకుని హోల్‌కి 10 రాసుకున్నాడు. రెండో షాట్‌తో హెల్ దాటగలనన్న నమ్మకం లేకపోతే, ఎడమకి ఐదో హోల్ ఫెయిర్‌వేలోకి కొట్టి, అక్కడినుంచి మూడోది ఆడాలి. గ్రీన్ ముందు గట్టు ఉంది. ఎత్తి కొట్టిన బంతి గట్టు దాటి పడితే గ్రీన్ వెనకవైపుకి జారిపోతుంది. గట్టుకి ముందే నేల మీద పడేసి, దొర్లుతూ ఎక్కేట్టు కొట్టాలి.

పదిహేను సులువుగానే పోతుంది. పదహారులో ఫెయిర్‌వే మధ్యన ప్రిన్సిపల్స్ నోస్ అని మూడు బంకర్ల ముక్కు, దానికి కుడిన పాత రైలు మార్గపు కంచె. ముక్కుకీ కంచెకీ నడుమ సందులోంచి పోతే గ్రీన్‌కి మంచి దారి. ఎడమకి కొట్టండి. ఎనభై దాటి స్కోరు కొట్టేవాళ్లకి ఆ సందు అవసరం లేదు.

పదిహేడు, రోడ్ హోల్. ఓపెన్‌లో 495 గజాల పార్ 4. టీ నుంచి ఎదురుగా పాత రైల్వే షెడ్ల నమూనాలో కట్టిన గోడ, దాని మీద ఓల్డ్ కోర్స్ హోటల్ అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. గురి ఆ అక్షరాలతోనే చెబుతారు. ఎడమ వైపు అక్షరం మీదుగా పోతే భద్రం, కుడి అక్షరాల వైపు పోయిన కొద్దీ దారి పొట్టి, హోటల్ తోటలో పడే భయం ఎక్కువ. హోటల్ అద్దాలు పగిలేంత స్లైస్ ఉన్నవాళ్లు పేరులోని మొదటి అక్షరానికి ఇంకా ఎడమగా చూసుకోవాలి. గ్రీన్ సన్నగా, ఎత్తుగా, ఏటవాలుగా ఉంటుంది. ముందు ఎడమన రోడ్ బంకర్, వెనకాల రోడ్డు, దాని వెనక రాతి గోడ. రోడ్డు మీద బంతి పడితే ఉచిత సాయం లేదు, ఉన్నచోటు నుంచే కొట్టాలి. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్ మీదకి చేరాక పట్ చేస్తే అది పక్కకి జారి బంకర్‌లో పడింది, హోల్ ముగిసేసరికి 9. ఆ గుంటని ఇప్పటికీ నకజిమా ఇసుక అంటారు. దీన్ని పార్ 5 అనుకుని ఆడడమే తెలివి. రెండో షాట్ గ్రీన్‌కి ముందు కుడి పక్కన ఆపాలి, మూడోది పటర్‌తో దొర్లించాలి, రెండు పట్‌లు. 2022లో కామెరాన్ స్మిత్ ఓపెన్ గెలిచిన చివరి రౌండ్‌లో కూడా బంకర్ అంచు చుట్టూ పటర్‌తోనే తిప్పి గ్రీన్ మీదకి తెచ్చాడు.

పద్దెనిమిదో టీ షాట్‌కి గురి క్లబ్ భవనం గడియారం. కుడిన వీధి, దుకాణాలు, ఆగి ఉన్న కార్లు, అంతా హద్దు బయటే. ఎడమన మళ్లీ 129 గజాల మైదానం. టీ షాట్ కొట్టాక స్విల్కన్ వంతెన దాటాలి. గొర్రెల్ని దాటించడానికి కట్టారని చెప్పే ఆ రాతి వంతెన పొడవు 30 అడుగులు, ఏడు వందల ఏళ్ల నాటిదంటారు. ఫొటో ఒక్కటి చాలు. వెనక జట్టు టీ మీద కాచుకుని ఉంటుంది. రౌండ్ నాలుగు గంటల్లో ముగించాలని మార్షల్ గుర్తు చేస్తూనే ఉంటాడు. గ్రీన్ ముందు ఎడమన వ్యాలీ ఆఫ్ సిన్ అనే లోయ. జెండా దాకా చాలని బంతి వెనక్కి దిగి దాని అడుగున ఆగుతుంది. 1995 ఓపెన్‌లో ఇటలీ ఆటగాడు కాస్టంటీనో రోకా అక్కడినుంచే 60 అడుగుల పైన పట్ వేసి, స్కోర్లు సమమై ప్లేఆఫ్‌కి వెళ్లాడు. మనం మాత్రం ఒక క్లబ్బు ఎక్కువ తీసుకోవాలి. లోయలో దిగితే చిప్ చేయొద్దు (చిన్నగా ఎత్తి కొట్టొద్దు), పటర్ తీసి, చదును నేల మీద అదే దూరానికి కొట్టేదానికన్నా సగం ఎక్కువ బలంతో కొట్టాలి. తక్కువైతే బంతి మళ్లీ కాళ్ల దగ్గరికే వస్తుంది.

రౌండ్ అయ్యాక ఊళ్లో ఆదివారం దాకా ఉండగలిగితే ఉండండి. ఆ రోజు ఆట లేదు, కోర్స్ ఊరి పార్కు అవుతుంది, పిల్లలూ కుక్కలూ ఫెయిర్‌వేల మీద తిరుగుతుంటాయి, టికెట్టు లేదు. మొదటి టీ నుంచి కాకుండా పద్దెనిమిదో గ్రీన్ నుంచి వెనక్కి నడవండి. పన్నెండో గ్రీన్ దగ్గర నిలబడి టీ వైపు తిరిగితే, ఆట రోజున ఖాళీగా కనిపించిన మైదానంలో ఆ బంకర్లన్నీ నోళ్లు తెరుచుకుని వరసగా కనిపిస్తాయి.